పాత ట్రాక్టరుకు హెడ్డు మారుస్తున్నారా?

దుక్కుల వేళ ట్రాక్టరు మూలపడితే అదను తప్పుతుంది. ఆ తొందరలో మెకానిక్ ‘హెడ్డు పోయింది’ అనగానే దొరికింది తెచ్చి బిగించేస్తుంటారు. సరిపడని హెడ్డు వేస్తే డబ్బూ దండగే, పనీ చెడుతుంది. కొనే ముందు ఈ సంగతులు చూసుకోండి.

నిజంగా హెడ్డే పోయిందా?

రేడియేటర్లో బుడగలు రావడం, నీళ్లు ఊరికే తగ్గిపోవడం, ఇంజనాయిలు మజ్జిగలా తెల్లబారడం హెడ్డు పగిలినా కనిపిస్తాయి, గ్యాస్కెట్ కాలినా కనిపిస్తాయి. అందుకని హెడ్డు విప్పించి, శుభ్రం చేయించి, ప్రెషర్ టెస్టు పెట్టించండి. పగులు లేకుండా వంపు మాత్రమే ఉంటే లేత్ షాపులో ఫేసింగ్ పట్టిస్తే సరిపోతుంది. ఇదివరకే పట్టించి ఉంటే మందం కొలిపించండి. కంపెనీ చెప్పిన కొలతకంటే తగ్గితే వాల్వులు పిస్టన్‌కు కొట్టుకుంటాయి. వాల్వు సీట్ల మధ్య పగులు ఉంటే మాత్రం మార్చడమే మేలు. పోత ఇనుముకు వేసిన వెల్డింగు వేడికి మళ్లీ విచ్చుకునే అవకాశం ఎక్కువ.

ఎలా ఎంచుకోవాలి?

ట్రాక్టరు పేరు చెబితే చాలదు. ఒకే మోడల్లో కూడా ఏడాదిని బట్టి హెడ్డు మారి ఉండొచ్చు. పాత హెడ్డు మీద పోతలో వచ్చిన నంబరు, ఇంజను నంబరు రాసుకోండి. వీలైతే పాత హెడ్డునే కొట్టుకు తీసుకెళ్లండి. కొత్త గ్యాస్కెట్‌ను రెండింటి మీదా పరిచి చూడండి. స్టడ్డుల రంధ్రాలు, నీటిదారులు, ఆయిలు దారి అన్నీ కలవాలి. నాజిల్ కూర్చునే చోటు కూడా ఒకేలా ఉండాలి.

ధర అడిగేటప్పుడు వాల్వులు, గైడ్లు, స్ప్రింగులు కలిపేనా, ఉత్త హెడ్డుకేనా అని తేల్చుకోండి. సెకండ్‌హ్యాండు హెడ్డయితే టెస్టులో నెగ్గకపోతే వాపసు తీసుకుంటామని బిల్లు మీద రాయించుకోండి.

బిగించేటప్పుడు

పాత గ్యాస్కెట్ మళ్లీ వాడొద్దు. నట్లను కంపెనీ చెప్పిన వరుసలోనే, టార్క్ రెంచితో రెండు మూడు విడతలుగా బిగించాలి. తర్వాత ట్యాపెట్లు సరిచేయించండి.

అన్నిటికంటే ముఖ్యం, పాత హెడ్డు ఎందుకు పోయిందో కనిపెట్టడం. రేడియేటర్ పూడిందా, ఫ్యాన్ బెల్టు వదులైందా, వాటర్ పంపు పనిచేస్తోందా చూడండి. అది సరిచేయకపోతే కొత్తదీ పగులుతుంది. కాగిన ఇంజనులో చన్నీళ్లు పోయకండి. చల్లారేదాకా రేడియేటర్ మూత తీయకండి.