గాలివాన లెక్కలు – కలసి పనిచేయు యంత్రములు

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెనలో వేలాది ప్రజలు అసువులు బాసిరి. అట్టి విపత్తును ఆపుట మన చేతులలో లేదు. కాని ముందుగా తెలిసినచో ప్రాణములను కాపాడుకొనగలము. ఆ ముందస్తు సూచన ఎట్లు తయారగునో పంచాయతీ సభ్యులకు విన్నవింపదలచితిమి.

గాలికి, వేడిమికి, తేమకు ప్రకృతి నియమములు కలవు. శాస్త్రజ్ఞులు వాయుమండలమును గళ్ళుగా విభజించి, కొద్ది నిమిషముల తరువాత ప్రతి గడిలోను ఇవి ఎట్లు మారునో లెక్కకట్టుదురు. ఆ ఫలితముపై మరల లెక్కించుచు రేపటికి, ఎల్లుండికి సాగుదురు. గడి వెడల్పును 12 కిలోమీటర్ల నుండి 6 కిలోమీటర్లకు తగ్గించినచో గళ్ళు నాలుగింతలగును. కాలమును కూడ సగము సగముగా కొలువవలసి వచ్చును గనుక పని ఎనిమిదింతలగును. రేపటి వాన కబురు ఎల్లుండి చేరినచో ప్రయోజనమేమి?

అందుచే ఒక్క కంప్యూటరునకు బదులు అనేక గణన విభాగములచే ఏకకాలమున లెక్కలు చేయింతురు. చెరువుగట్టు మరమ్మతును వార్డులవారీగా పంచుకొనుటను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. ఎవరి భాగము వారు పోయుదురు. కాని రెండు భాగములు కలియుచోట ఎత్తు సరిపోవలెను గదా! అచ్చట ఇరువురును మాటలాడుకొనక తప్పదు. ఒక్క వార్డువారు వెనుకబడినను గట్టు పూర్తికాదు. మాటలతోనే ప్రొద్దు గడచినచో ఎందరున్నను పని సాగదు. యంత్రములకును ఇదే చిక్కు. ఒక గడిలోని గాలి పక్క గడిలోనికి వీచును గనుక అంచుల లెక్కలను పొరుగువానికి ఎప్పటికప్పుడు అందింపవలెను. కావున నిర్మాతలు పనిని సమముగా పంచుటయందును, పొరుగువారి నడుమ వార్తలు వేగముగా నడచుటయందును ప్రధానముగా శ్రద్ధ వహింతురు.

మన దేశమున ఈ మార్గమును తొలుత తొక్కినవారిలో బెంగుళూరు జాతీయ విమానయాన ప్రయోగశాలవారు ఒకరు. 1986లో వారు నిర్మించిన ‘ఫ్లోసాల్వర్’ నాలుగు గణన విభాగములతో మొదలైనది. అది ప్రవాహముల లెక్కలకై ప్రత్యేకముగా రూపొందింపబడినది; దాని తరువాతి రూపములు వాతావరణ సూచనకును ఉపయోగపడినవి. 2024 సెప్టెంబరులో పూణేలో ‘అర్క’, నోయిడాలో ‘అరుణిక’ అను మహాయంత్రములు ప్రారంభింపబడినవి. అర్క సెకనునకు నూరు కోటికోట్లకు మించిన లెక్కలు చేయగలదు.

2024 అక్టోబరు 24న గ్రామ పంచాయతీ స్థాయి వాతావరణ సూచన ప్రారంభమైనది. రాబోవు 5 దినముల వాన, గాలి, వేడిమి వివరములను ‘మేరీ పంచాయత్’ యాప్‌లో చూడవచ్చును. ఒక గడిలో పలు ఊళ్ళుండవచ్చును. ఒక ఊర కురిసిన వాన పక్క ఊర కురియకున్నంత మాత్రమున సూచనయే వ్యర్థమని తలపరాదు. తుపాను హెచ్చరికను ఎన్నడును ఉపేక్షింపరాదు.

యంత్రము లెక్క చేయగలదు గాని, అర్ధరాత్రి తలుపు తట్టి వృద్ధులను లేపలేదు. ఆ పని పంచాయతీదే. దండోరా వేయువారెవరో, పల్లపు ఇండ్లవారిని చేర్చవలసిన చోటెక్కడో తుపాను కాలమునకు ముందే నిర్ణయించి ఉంచవలెనని కోరుచున్నాము.