పరీక్ష పెట్టారు సరే, తర్వాత?

జూన్‌లో బడి తెరిచాక మాస్టార్లకు పడే మొదటి పనుల్లో బేస్‌లైన్ పరీక్ష ఒకటి. సాలూరు పట్నంలోనైనా కొండమీది ఊళ్ళోనైనా అంతే. ఎవరు పేరా చదవగలరు, ఎవరు పదం దగ్గరే ఆగిపోతారు, అప్పు తెచ్చుకునే తీసివేత ఎందరికి వచ్చు, అన్నీ చూసి వివరాలు పైకి పంపుతారు. ఆ మర్నాడు ఆరో తరగతిలో ఆరో తరగతి పాఠమే మొదలవుతుంది, పదం చదవలేని పిల్లాడికి కూడా.

దీనివల్ల ఏమవుతుందో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే తేలింది. 2005-06లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు విశాఖపట్నం సహా ఐదు జిల్లాల ప్రాథమిక బడుల్లో అధ్యయనం మొదలుపెట్టారు. వంద బడుల్లో ఏడాది మొదట్లో పరీక్ష పెట్టి, పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో రాసి టీచర్లకిచ్చారు. మధ్యమధ్య వెళ్ళి తరగతులు చూశారు. ఎవరైనా చూస్తున్నప్పుడు టీచర్లు హుషారుగానే చెప్పారు. ఏడాది చివర మార్కుల్లో మాత్రం ఆ పిల్లలకూ, ఏ రిపోర్టూ అందని బడుల పిల్లలకూ తేడా లేదు. అదే రిపోర్టుతోపాటు, సగటు మార్కులు పెరిగితే శాతానికి 500 రూపాయల లెక్కన బోనస్ ఇస్తామన్న బడుల్లో మార్కులు పెరిగాయి. టీచర్లకు డబ్బాశ అనేస్తే సరిపోదు. సిలబస్ ఎంతవరకు వచ్చిందని అడిగేవాళ్ళే తప్ప, ఫలానా పిల్లకు చదవడం వచ్చిందా అని అడిగేవాళ్ళు లేనప్పుడు ఏ మాస్టారైనా సిలబస్సే పూర్తిచేస్తారు.

హర్యానాలో 2012-13లో ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పద్ధతిలో టైంటేబులే మార్చారు. రోజుకో గంట తరగతులన్నీ కలిపేసి, చదవగలిగే స్థాయినిబట్టి పిల్లల్ని గుంపులు చేసి ప్రభుత్వ టీచర్లే చెప్పారు. హిందీ చదవడం మెరుగుపడింది. ఉత్తరాఖండ్‌లో శిక్షణ ఇచ్చారు, పుస్తకాలూ ఇచ్చారు, ఆ గంట మాత్రం విడిగా కేటాయించలేదు, ఫలితమూ రాలేదు. మన రాష్ట్రానికీ ఈ పద్ధతి వచ్చింది గాని, ప్రధానంగా చిన్న తరగతులకే. ఆరు నుంచి సబ్జెక్టు టీచర్లు, పీరియడ్లు. అక్కడ ఆ గంట దొరకాలంటే ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల తెలుగు పీరియడ్ ఒకే సమయంలో పెట్టుకోవాలి, సైన్సు మాస్టారు కూడా ఒక గుంపుకు చదువు నేర్పాలి. హెచ్‌ఎం తలుచుకుంటే అయ్యే పనే.

సాలూరులో ఇంకో మెలిక ఉంది. లారీలకు పేరుపడ్డ పట్నంలో ఎక్కువమందిది తెలుగే. కొండమీది ఊళ్ళలో చాలా ఇళ్ళల్లో వినిపించేది కువి, కొండ భాష, ఆదివాసీ ఒడియా. పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. ఆ ఎదుటి పేజీ కూడా వాళ్ళ ఇంటి మాట కాదు. తెలుగు పేరా దగ్గర ఆగిపోయిన పిల్లకు అక్షరాలు కూడబలుక్కోవడం రాలేదా, కథ బోధపడలేదా అన్నది బేస్‌లైన్ మార్కు చెప్పదు. చదివింది ఇంటి భాషలో చెప్పమంటే తెలుస్తుంది. మాస్టారికి ఆ భాష రాకపోతే అదే ఊరి ఎనిమిదో తరగతి పిల్లను పక్కన కూర్చోబెట్టుకోవచ్చు.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ మాటలోనే వాచకాలు రాశారు. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో చదువు చెప్పే ప్రయత్నం చేసింది. వాటిలో కువి, కొండ, సవర ఉన్నాయి. అందుకోసం వచ్చినవి చిన్న తరగతుల పుస్తకాలే. ఆరో తరగతికొచ్చిన కువి పిల్లకు జూన్‌లో అందేది మాత్రం ఆ రెండు పేజీల పుస్తకమే.