కాలేయం ఒక్కటే, అంకెలు రెండెందుకు?

"పోయినసారి ఒక అంకె వచ్చింది, ఈసారి ఇంకో అంకె వచ్చింది. నా కాలేయం పాడైందా, డాక్టరుగారూ?" రెండు ఎం.ఆర్.ఐ. రిపోర్టులు పక్కపక్కన పెట్టుకొని ఇలా దిగులుపడేవారున్నారు. ఆ అంకె ఎలా వస్తుందో తెలుసుకుంటే ఈ దిగులు చాలావరకు తగ్గుతుంది.

అంకె ఎక్కడి నుంచి వస్తుంది?

మన శరీరంలోని నీటిలో హైడ్రోజన్ కేంద్రకాలు చిన్న బొంగరాలలాగా ఉంటాయి. పెద్ద అయస్కాంతంలో పడుకున్నప్పుడు వాటి మొగ్గు అయస్కాంతం దిశకు తిరుగుతుంది. రేడియో తరంగంతో వాటిని కదిలించి వదిలితే మళ్ళీ మొదటి స్థితికి వస్తాయి. ఇందుకు పట్టే సమయమే సడలింపు కాలం. తిరిగి అయస్కాంతం దిశకు చేరే కాలాన్ని టి1 అని, సంకేతం సన్నగిల్లే కాలాన్ని టి2 అని అంటారు. వీటిని మిల్లీసెకన్లలో, అంటే సెకనులో వెయ్యో వంతులలో కొలుస్తారు.

ఆరోగ్యవంతులలోనూ తేడాలే

2004లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఆరోగ్యవంతుల కాలేయం టి1 సగటున 1.5 టెస్లా యంత్రంలో 586, 3 టెస్లా యంత్రంలో 809 మిల్లీసెకన్లు వచ్చింది. టి2 మాత్రం 46 నుంచి 34కు తగ్గింది. జబ్బేమీ లేదు, అయస్కాంతం బలం మారిందంతే! ఒకే యంత్రంలో కూడా అందరికీ ఒకే అంకె రాదు. కాలేయంలోని ఇనుము, కొవ్వు, నీటి పాళ్ళు మనిషి మనిషికీ మారుతాయి. కొలిచే పద్ధతి, భోజనం చేసి రావడం, ఊపిరి సరిగా బిగబట్టకపోవడం కూడా అంకెను మారుస్తాయి.

జాగ్రత్త ఎవరికి ముఖ్యం?

తలసేమియా ఉన్న పిల్లలకు తరచుగా రక్తం ఎక్కించాలి. దానితోపాటు వచ్చే ఇనుము కాలేయంలో పేరుకుంటుంది. దీన్ని కొలవడానికి "టి2 స్టార్" పరీక్ష చేస్తారు. ఇనుము పెరిగేకొద్దీ ఈ అంకె తగ్గుతుంది. అయితే 3 టెస్లా యంత్రంలో ఇది 1.5 టెస్లాలో కంటే దాదాపు సగమే వస్తుంది. యంత్రం మారిందని గమనించకపోతే, ఇనుము పెరిగిందనుకొని మందు మోతాదు పెంచే ప్రమాదముంది.

దీనికి భిన్నమైన ప్రమాదమూ ఉంది. కాలేయం గట్టిపడితే, వాస్తే టి1 పెరుగుతుంది; ఇనుము టి1ను తగ్గిస్తుంది. రెండూ కలిసి ఉంటే అంకె మామూలుగా కనిపించి జబ్బు మరుగున పడవచ్చు.

మీరు చేయవలసినవి

1. వీలైనంతవరకు ఒకే చోట, ఒకే యంత్రం మీద పరీక్ష చేయించుకోండి.
2. పాత రిపోర్టులు, ఫిల్ములు తప్పక తీసుకురండి. యంత్రం ఎన్ని టెస్లాలో అందులో రాయించుకోండి.
3. చెప్పినన్ని గంటలు ఏమీ తినకుండా రండి.
4. అంకె చూసి మీ అంతట మీరు మందులు మానవద్దు, పెంచవద్దు.

ఒక్క అంకెను బట్టి జబ్బును నిర్ణయించలేము. రక్తపరీక్షలు, పాత రిపోర్టులు, రోగి పరిస్థితి అన్నీ కలిపి చూసిన తరువాతే మేము ఒక మాట చెబుతాము.