సముద్రపు కయాకు స్కెగ్గు: చరిత్రయు, చికిత్సయు

ఐదు మీటర్లకు పైబడిన నిడివియు, ఒక మనుష్యుడు కాళ్లు చాచి కూర్చుండుటకు చాలినంత వెడల్పును గల సముద్రపు కయాకను సన్నని పడవ, ఉత్తరధ్రువ ప్రాంతపు వేటకాండ్రు సీలు చర్మములతోను, ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన కొయ్యతోను దానిని కట్టుకొనిన కాలమునుండి నేటి ప్లాస్టిక్కు యుగమువఱకు తన రూపమును పెద్దగా మార్చుకొనలేదు. ఆ పడవ అమరము అడుగున ఒక గూటిలో దాగియుండి, పిలిచినపుడు మాత్రమే నీటిలోనికి దిగునట్టి చిన్న పలక యొకటి నేడు సర్వసాధారణముగా కానవచ్చును. దాని పేరు స్కెగ్గు. చుక్కాని వలె అది కుడియెడమలకు తిరుగదు. క్రిందికి దిగుటయు, పైకి లేచుటయు తప్ప దానికి వేఱు చలనము లేదు. అట్టి పలక వంగినపుడు దానిని పాఱవైచి క్రొత్తదానిని కొనువారే అధికులు. అది ఏ పదార్థముతో చేయబడినదో, ఆ పదార్థము వేడికి ఏల లొంగునో ఎఱిగినవానికి మాత్రము ఆ వ్యయము అనావశ్యకమని నా నిశ్చితాభిప్రాయము.

మొదట దాని ప్రయోజనమును చూతము. ప్రక్కగాలిలో ముందునకు సాగుచున్న పడవయొక్క అణియము, తాను చీల్చుకొనిపోవు నీటి ఒత్తిడిచేత ఇరుప్రక్కల బిగించి పట్టబడియుండును. అమరమో, అప్పటికే కలతపడి సుడులు తిరుగుచున్న నీటిలో నుండుటచే అంత పట్టు లేకయుండును. గాలి పడవనంతటిని సమానముగనే నెట్టినను, పట్టులేని అమరమే ముందుగా జరుగును. అది గాలివాలునకు జరిగిన కొలది అణియము గాలికి ఎదురు తిరుగును. తెడ్డు వేయువాడు ఈ తిరుగుడును సరిదిద్దుటకై ఒకేవైపున బలముగా వేయుచు, కొంతసేపటికి భుజమును నడుమును నొప్పించుకొనును. తీరమునకు దూరమైనచో ఆ అలసట ప్రాణాపాయమునకు సైతము దారితీయవచ్చును. స్కెగ్గు దిగినంతనే అమరమునకు నీటిలో పట్టు కలుగును. బాణపు తోకయందలి ఈకలు బాణమును గురివైపున నిలిపినట్లు, ఆ పలక పడవను తన త్రోవలో నిలుపును. దీనిలో ఇంకొక సూక్ష్మము కలదు. పలకను పూర్తిగా పైకెత్తినచో పడవ గాలికి ఎదురు తిరుగును, పూర్తిగా దించినచో గాలివాలునకే మరలజూచును, నడుమ ఎక్కడనో ఒకచోట నిలిపినచో గాలికి అడ్డముగా తిన్నగా సాగును. ఆ నడిమి స్థానమును ప్రతి గాలికిని, ప్రతి అలకును వేఱువేఱుగా కనుగొనుటయే నేర్పు.

ఈ పలకకు పూర్వరూపము గ్రీన్లాండులోనిది. తుపాకి ఆ దేశపు వేటకాండ్ర చేతికి వచ్చిన పిమ్మట వారికి ఒక క్రొత్త చిక్కు ఎదురయ్యెను. ఈటెను విసరువాడు ఒకచేత తెడ్డును పట్టుకొనియే విసరగలడు; తుపాకిని గుఱిచూచుటకు మాత్రము రెండుచేతులును కావలయును. తెడ్డు వదలిన ఆ కొలది క్షణములలో పడవ తనంతట తాను సీలువైపునకు తిన్నగా జాఱుచుండవలయును. అందుకై వారు అమరము క్రింద ఒక చిన్న పలకను కట్టుకొనసాగిరి. ఆకలి చెప్పిన పాఠమది. దానికి గ్రంథమును లేదు, గురువును లేడు.

1959వ సంవత్సరమున కెన్ టేలర్ అను గ్లాస్గో విద్యార్థి పశ్చిమ గ్రీన్లాండులోని ఇగ్లోర్సూట్ గ్రామమునకు పోయి, అచ్చటి పద్ధతిని తనకొఱకు కట్టబడిన కయాకు నొకదానిని స్కాట్లాండునకు తెచ్చెను. దాని కొలతలు తీసి వ్రాసిన చిత్రపటములే ఆధారముగా బ్రిటనులో అనాస్ అక్యూటా అను పేరిట ఫైబరుగ్లాసు పడవలు వెలువడెను. అటుపిమ్మట ఫ్రాంక్ గుడ్మన్ రూపొందించిన నార్డ్‌కాప్ పడవలలో 1975లో ఒక బ్రిటిషు బృందము నార్వే తీరమున ప్రయాణించెను. 1977లో గుడ్మనే స్వయముగా సహచరులతో కూడి దక్షిణ అమెరికా కొనయందలి హార్న్ అగ్రమును అట్టి పడవలతోనే చుట్టివచ్చెను. ఆ నార్డ్‌కాప్ పడవకే తరువాత అమరము అడుగున కదలని స్కెగ్గును అచ్చుతోనే కలిపి పోసిరి. పడవ తిన్నగా పోవుట నేర్చెను గాని, మలుపు తిరుగుటకు మొండికేయ మొదలిడెను. తిన్నగా పోవలసినపుడు తిన్నగను, తిరుగవలసినపుడు సులభముగను పోవుటకు పలకను ఎత్తుటకును దించుటకును వీలుండవలయునని అనుభవము బోధించెను. నేటి ముడుచుకొను స్కెగ్గు అట్లు స్థిరపడినది.

దీని నిర్మాణము సామాన్యమైనది. అమరము లోపల ఇరుకైన పెట్టె యొకటి, దానిలో ఒక ఇరుసుపై ఆడు పలక, ఆ పలకనుండి ఒక సన్నని గొట్టము లోపలగా కూర్చుండువాని తుంటివఱకు వచ్చు స్టెయిన్‌లెస్ స్టీలు తీగ, దాని కొనను చేతికందునట్టి మీట: ఇంతే. కొన్ని పడవలలో తీగకు మారుగా త్రాడును రబ్బరుత్రాడును వాడుదురు. పలకకును పెట్టె గోడలకును నడుమ ఎడము మిక్కిలి స్వల్పము. అందుచేతనే చిన్న గులకరాయి యొకటి ఇరుకుకొనినను, పలక కొంచెము వంగినను, యంత్రమంతయు స్తంభించును.

ఇక పదార్థము. అనేక పడవలలో ఈ పలక పాలిథీను. 1933 మార్చిలో ఇంగ్లండులోని విన్నింగ్టనులో, ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీస్ వారి ప్రయోగశాలయందు ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ అను రసాయనజ్ఞులు ఇథిలీను వాయువును బెంజాల్డిహైడుతో కలిపి అత్యధిక పీడనమునకు గురిచేయగా, పాత్రలో వారు కోరని తెల్లని మైనపువంటి పదార్థము కొంచెము మిగిలెను. అదియే పాలిథీను. రెండవ ప్రపంచయుద్ధమున అది రాడారు యంత్రముల తీగలకు విద్యుత్తు బయటికి పోకుండ తొడుగై సేవచేసెను. 1953లో జర్మనీలోని మ్యూల్హైమునందు కార్ల్ జీగ్లర్ తక్కువ పీడనముననే, మఱింత గట్టిదియు దట్టమైనదియు నగు పాలిథీనును తయారుచేయు మార్గమును కనుగొని, 1963లో జ్యూలియో నట్టాతో కూడ నోబెలు బహుమానమును పంచుకొనెను. మన స్కెగ్గు పలకలలో తఱుచుగా వాడబడునది ఈ దట్టపు పాలిథీనే.

దీని అణువులు మిక్కిలి పొడవైన గొలుసులు. కొన్నిచోట్ల అవి క్రమముగా మడతలు పడి స్ఫటికములుగా బిగిసియుండును. కొన్నిచోట్ల చిక్కుపడి వదులుగా నుండును. బిగిసిన భాగము గట్టిదనమును, వదులైన భాగము సాగెడు గుణమును ఇచ్చును. పలకను దించియుంచిన పడవను గులకరాళ్ల ఒడ్డుపైకి లాగినపుడో, వేసవియెండలో పడవను దిగిన పలకపైనే ఆనించి ఉంచినపుడో, బరువుకు తాళలేక ఆ గొలుసులు ఒకదానిపై నొకటి మెల్లగా జాఱి క్రొత్తస్థానములలో కుదురుకొనును. ఎండ వేడిమి ఆ జాఱుడును త్వరపఱచును. అట్లు వంగిన పలక నీటిలో కొంచెము త్రిప్పి బిగించిన చుక్కాని యగును: గాలి లేని దినమున సైతము పడవ ఒకేవైపునకు లాగును. కొందఱు ఇది తమ తెడ్డు దోషమని భ్రమపడి చాలకాలము బాధపడుదురు. పలక సగము దిగి నిలిచినపుడు మాత్రమే అసలు సంగతి బయటపడును.

అట్టి స్థితిలో మీటను బలముగా త్రోయరాదు. త్రోసినచో పలక కదలదు. తీగ మాత్రము గొట్టము మొదట మడతపడును. మడతపడిన స్టీలుతీగ మఱల ఎన్నడును తిన్నన కాదు, దానిని మార్చియే తీరవలయును. పడవను మెత్తని గుడ్డలపై బోర్లించి, తీగను పలకకు బిగించిన చిన్న మరను వదలించి, ఇరుసును తీసి, పలకను బయటికి తీయవలయును. ఉప్పును ఇసుకను మంచినీటితో కడిగిన పిమ్మట, ఒక స్టీలు స్కేలును పలకపై నిలువుగను అడ్డముగను ఆనించి వెలుతురునకు ఎత్తి చూచినచో, స్కేలుక్రిందినుండి వెలుగు తొంగిచూచుచోటనే వంపు దొరకును. దానికి ఇరువైపులను పెన్సిలుతో గీత గీయవలయును.

వేడిచేయుటకు మఱుగునీరే ఉత్తమసాధనము. దట్టపు పాలిథీను సుమారు 130 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగును. నీరు ఎంత మంట పెట్టినను 100 డిగ్రీలను దాటదు. కనుక పలక మెత్తబడును గాని కరగదు. వేడిగాలి యంత్రమునకు ఈ మర్యాద లేదు. పాలిథీను వేడిని మెల్లగా మాత్రమే లోపలికి పోనిచ్చును గనుక, ఆ గాలి తగిలినపుడు పైపొర కరగి నిగనిగలాడుచుండగనే లోపలి భాగము చల్లగా నుండి వంపును వదలదు. వెడల్పయిన గిన్నెలో పలక పూర్తిగా మునుగునట్లు నీరు మఱగించి, గిన్నె అడుగు తగులకుండ దానిని వ్రేలాడదీసి, దళసరిని బట్టి కొన్ని నిమిషములు ఉంచవలయును. చేతితొడుగుతో పైకి తీసి, నునుపుగా చిత్రికపట్టిన రెండు కొయ్యపలకల నడుమ పెట్టి బిగింపులతో బిగించి, పూర్తిగా చల్లారువఱకు, గంటసేపైనను సరే, ముట్టరాదు. ఇనుపపలకలకన్న కొయ్య మేలు. ఇనుము పైపొరను హఠాత్తుగా చల్లార్చి, లోపలి వేడిని వేఱుగా మిగిల్చి, క్రొత్త వంపునకు బీజము వేయును.

చల్లారుచున్న ఆ గంటయే ఈ చికిత్సయంతటికిని ప్రాణము. వేడిమికి వదులైన గొలుసులు చల్లబడుచు మఱల స్ఫటికములుగా బిగియునది అప్పుడే. ఆ సమయమున పలక ఏ రూపమున నుండునో ఆ రూపమే దానికి నిలుచును. తొందరపడి ముందుగా విప్పినచో పాతవంపు కొంత తిరిగివచ్చును. ఒకమారు చేసినను కొంచెము వంపు మిగిలినచో, రెండవమారు వంపునకు ఎదురువైపుగా పలుచని పుల్లను అడ్డుంచి, రవంత అవతలికి వంచి బిగించినచో, వదలినపుడు అది తిన్నని స్థానమునకు వచ్చి నిలుచును.

ఈ చికిత్స అన్ని పలకలకును చెల్లదు. పాలికార్బొనేటు పలక మెత్తబడుటకు మఱుగునీటి వేడి చాలదు. అల్యూమినియము పలకను ఈ విధమున తాకనే రాదు. పాలిథీను పలకయందైనను, వంపువద్ద తెల్లని గీత కనబడినచో, లోపల సూక్ష్మమైన ఖాళీలు ఏర్పడి గొలుసులు తెగ మొదలిడినవని అర్థము. ఇరుసు రంధ్రమువద్ద చీలిక యున్నచో ఆశ వదలుకొనుటయే మంచిది. జిగురు పూయుదమన్న, పాలిథీను ఉపరితలము సాధారణపు జిగురులను దేనిని పట్టనీయదు. అయినను నిరాశ అవసరము లేదు. వంటయిండ్లలో కూరలు తరుగు తెల్లని ప్లాస్టిక్కు పలకలలో పెక్కు పాలిథీనువే; తగిన దళసరి గలదానిని ఎంచి, పాత పలకను దానిపైనుంచి గీచుకొని, సన్నని రంపముతో కోసి, అంచులను ఆకురాయితో గుండ్రముగా రుద్దినచో క్రొత్త పలక సిద్ధమగును.

తిరిగి అమర్చుటకు ముందు పెట్టె లోపలి గోడలనుకూడ వేలితో తడిమి చూడుడు. అవి లోపలికి ఉబ్బియున్నచో ఎంత తిన్నని పలకయైనను ఇరుకుకొనును. పలక కొనయందు చిన్న రంధ్రము చేసి, దానికి కొంచెము త్రాడును ఉచ్చుగా కట్టుకొనుడు. రాయి ఇరుకుకొని పలక దిగనపుడు తోడివాడు నీటిమీదనే ఆ త్రాటిని లాగి దానిని విడిపించగలడు. తీరము సమీపించినపుడు, అడుగు ఇసుకను తాకకమునుపే, పలకను గూటిలోనికి చేర్చుకొనుడు. పడవను ఒడ్డున నీడలో ఉంచుడు.