పిల్లి నేర్పిన పాఠము

మూర్ఛ మనుష్యులకే గాక పిల్లులకు కూడ వచ్చును. మెదడులోని నాడీకణములు అదుపు తప్పి, ఒక్కుమ్మడిగా విద్యుత్ప్రేరణలను వెదజల్లుటయే దీనికి మూలము. ఈ వ్యాధికి చేయు శస్త్రచికిత్స చరిత్రలో పిల్లికొక విశిష్టస్థానము కలదు.

మెదడు రెండు అర్ధగోళములు. వానిని కలుపు వంతెన పేరు కార్పస్ కలోసమ్. మానవునిలో దీనియందు సుమారు 20 కోట్ల నాడీతంతువులు కలవు. ఒక అర్ధగోళమున పుట్టిన మూర్ఛ ఈ వంతెన మీదుగా రెండవదానికి ప్రాకును. ఆ దారిని తెంచినచో వ్యాధి ఉపశమించునని తలచి, అమెరికాలోని రోచెస్టర్ నగరమున విలియం వాన్ వాగెనెన్ కొందరు రోగులకు దానిని ఖండించి, ఫలితములను 1940లో ప్రకటించెను. చిత్రమేమనగా, ఆ రోగుల నడవడిలో చెప్పుకోదగిన లోపమేదియు పరీక్షకులకు గోచరింపలేదు. మరి అంత పెద్ద వంతెనకు పనియే లేదా?

సమాధానము పిల్లి చెప్పినది. 1950 తరువాతి సంవత్సరములలో చికాగో విశ్వవిద్యాలయమున రోజర్ స్పెరీ, ఆయన శిష్యుడు రొనాల్డ్ మయర్స్ పిల్లులలో ఈ వంతెనను, ఒక్కొక్క కన్ను తన వైపు అర్ధగోళమునకే సమాచార మందించునట్లు దృష్టినాడుల కూడలిని ఖండించిరి. ఒక కంటికి గంత కట్టి, రెండవ కంటితో ఆకృతుల భేదమును నేర్పిరి. గంత మార్చగానే, ఆ పాఠము ఎన్నడును విననట్లు పిల్లి మరల మొదటినుండి నేర్వవలసి వచ్చినది. ఒకే తలలో ఇరువురు విద్యార్థులు!

ఇట్టి జంతుప్రయోగముల అండతో, 1962లో లాస్ ఏంజిలిస్ నగరమున జోసెఫ్ బోగెన్, ఫిలిప్ వోగెల్ అను వైద్యులు, మందులకు లొంగని మూర్ఛతో బాధపడుచున్న ఒక మాజీ సైనికునికి ఈ చికిత్స చేసిరి. మూర్ఛలు అదుపులోనికి వచ్చినవి. అట్టి రోగులను స్పెరీ పరీక్షింపగా, కన్నులు మూసి ఎడమచేతి కందించిన వస్తువును వారు గుర్తింతురు గాని, దాని పేరు చెప్పలేకపోవుదురని తేలినది. ఆ చేతి స్పర్శ నెరుగు కుడి అర్ధగోళమునకు సాధారణముగా పలుకు లేదు. ఈ కృషికి 1981లో స్పెరీకి నోబెల్ బహుమానము లభించెను. అందులో పాలుపంచుకొన్న హ్యూబెల్, వీజెల్ కూడ పిల్లుల దృష్టిని పరిశోధించినవారే.

నేడు మూర్ఛ సోకిన పిల్లికి మొదట ఇచ్చునది ఫినోబార్బిటాల్ వంటి మందే. శస్త్రచికిత్స మిక్కిలి అరుదు. అయినను ఇటీవల జపాను పశువైద్యులు మానవవైద్యమునుండి నేర్చిన పద్ధతులతో పిల్లికి కూడ అట్టి చికిత్స చేయ నారంభించిరి. మానవుని కొరకు కత్తి కెరయైన ఆ మూగజీవులు తమ యిష్టముతో రాలేదు. ఆ విద్య వాని జాతికి మరలి వచ్చుట దానము కాదు. ఋణములో కొంత తీరుట మాత్రమే.