బూజు విషాన్ని ఎగుమతి గింజల్లోనే వెతుకుతారా?

1974 చివరి నెలల్లో గుజరాత్‌లోని పంచమహల్, రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా జిల్లాల్లో భిల్లు గిరిజనులకు ఒక జబ్బు వచ్చింది. ముందు కళ్ళు పచ్చబడ్డాయి. తర్వాత కడుపులో నీరు చేరి ఉబ్బింది. రెండొందలకు పైగా గ్రామాల్లో వందమందికి పైగా చచ్చిపోయారు. వాళ్ళ కూడే తిన్న కుక్కలకూ అదే రోగం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు పరిశీలిస్తే, కారణం వాళ్ళు తిన్న మొక్కజొన్నలో దొరికింది. అకాల వర్షానికి తడిసి, సరైన నిల్వ లేక బూజు పట్టిన గింజలవి. ఒక్కొక్కరి కడుపులోకి నెలరోజులపాటు రోజుకు 2 నుంచి 6 మిల్లీగ్రాముల విషం పోయి ఉంటుందని వాళ్ళు లెక్కగట్టారు.

బూజు కంటికి కనబడలేదా అంటే, కనబడే ఉంటుంది. పారేస్తే ఏం వండుకుంటారు?

ఈ విషం పేరు అఫ్లటాక్సిన్. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చచ్చిపోతే, మేతలో కలిపిన బ్రెజిల్ వేరుశనగ చెక్కలో ఇది బయటపడింది. ఉడికించినా, వేయించినా పూర్తిగా పోదు. కొద్దికొద్దిగా ఏళ్ళ తరబడి తిన్నవాళ్ళకు కాలేయ క్యాన్సర్ తెస్తుంది. గొడ్లు తింటే కొంత పాలలోకి దిగుతుంది.

పరీక్ష లేదా? ఉంది. అతినీలలోహిత కాంతి కింద ఈ విషం నీలంగానో ఆకుపచ్చగానో మెరుస్తుంది. ఇప్పుడు చిన్న పట్టీలతో కొద్ది నిమిషాల్లో తేల్చే పద్ధతులు వచ్చాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ తక్కువ ఖర్చుతో చేసే ఎలిసా పద్ధతిని తయారుచేసింది. అయితే ఒక్క గుప్పెడు గింజలు తీసి పరీక్షిస్తే చాలదు. వేల గింజల్లో ఒకటి రెండింటిలోనే విషమంతా ఉండొచ్చు. పైకి శుభ్రంగా కనబడే గింజలోనూ ఉండొచ్చు. చాలా గోతాల్లో, పైనా అడుగునా తీసి, పిండిచేసి, కలిపి చూడాలి.

ఇంత జాగ్రత్త ఎవరి గింజలకు? సీమదొరల పళ్ళెంలోకి పోయే వాటికి! తినడానికి సిద్ధమైన వేరుశనగలో కిలోకు 4 మైక్రోగ్రాములు దాటకూడదని ఐరోపా చట్టం. దాటితే సరుకు వెనక్కొస్తుంది, ఎగుమతిదారు నష్టపోతాడు. అందుకే అక్కడ పరీక్ష తప్పదు. పాలలో వాళ్ళ హద్దు కంటే మన హద్దు పది రెట్లు ఎక్కువ. సరే, ఆ హద్దయినా కాగితం మీద ఉంది. కూలీకి కొలిచే గింజలను ఎవరు చూస్తున్నారు?

అనంతపురం వైపు ఒక మిల్లులో శెనగపప్పు ఏరే ఆడకూలీలతో మేము మాట్లాడాము. ముడుచుకున్నవీ, నల్లబడ్డవీ, బూజు పట్టినవీ ఏరి పక్కన పోస్తారు. అవి ఏమౌతాయని అడిగితే ఒకామె నవ్వింది: "పారేస్తారనుకుంటివా సారూ? అయిగూడ గానుగకే పోతాయి." గానుగలో విషం చాలామట్టుకు చెక్కలో మిగిలిపోతుంది. ఆ చెక్క ఆమె కట్టేసుకున్న బర్రెకే వస్తుంది. పొద్దంతా ఆ బూజు దుమ్ము పీల్చేదీ ఆమే. ముక్కుకు గుడ్డ ఇచ్చే నాథుడు లేడు.

ఆ సీమలో కాయ ఊరే వేళకు వాన మొహం చాటేస్తే పొట్టు పగుళ్ళిస్తుంది, పురుగు తొలుస్తుంది, బూజు నేలలోనే లోపలికి దూరుతుంది. ఇందులో రైతు నేరం లేదు. పీకిన తర్వాత తడవకుండా ఆరబెట్టాలంటే కల్లం కావాలి, పట్టలు కావాలి. కౌలుకు చేసేవాడికి అవి ఎక్కణ్ణుంచి వస్తాయి?

కాబట్టి మార్కెట్ యార్డుల్లో, చౌకదుకాణాలకు పోయే గోదాముల్లో, దాణా తయారీ దగ్గర ఉచిత పరీక్ష పెట్టాలి. ఫలితం అందరికీ కనబడేట్టు బోర్డు మీద రాయాలి. చెడిన సరుకు భారం చిన్నరైతు నెత్తిన పడకుండా ప్రభుత్వం పరిహారమివ్వాలి. సంఘాలు ఈ కోరికలను కూలిరేట్ల కోరికతోపాటు ముందుంచాలి.

ఈలోగా మొక్కజొన్న ఎంత ఆరిందో ఇంట్లోనే చూసుకోవచ్చు. పొడిసీసాలో గింజలూ, బాగా ఎండిన ఉప్పూ వేసి కాసేపు గిలకరించండి. ఉప్పు సీసా గోడకు అంటుకుంటే తేమ 15 శాతం దాటినట్టే, మళ్ళీ ఎండబెట్టాలి. ఇది తేమను మాత్రమే చెబుతుంది, విషాన్ని చెప్పదు. దానికి యార్డులో పరీక్ష కావాల్సిందే.