కోర్టు తలుపులు మూయించిన రైతులు
అమెరికా రాజ్యాంగం వెనుక ఒక అప్పుల కథ

అమెరికా రాజ్యాంగాన్ని ఫిలడెల్ఫియా నగరంలో పెద్దమనుషులు కూచుని రాశారని బడి పుస్తకాల్లో చదువుకున్నాం. ఆ పెద్దమనుషుల్ని తొందరపెట్టిన కారణాల్లో రైతుల తిరుగుబాటు ఒకటని మాత్రం ఎక్కువమంది చెప్పరు. ఆ రైతులెవరు? ఎందుకు తిరగబడ్డారు?

1775 నుండి 1783 దాకా బ్రిటిషు రాజుపై జరిగిన యుద్ధంలో తుపాకి మోసినవారిలో చాలామంది చిన్న రైతులు, కూలీలు, చేతిపనివాళ్లే. జీతం కింద వాళ్ల చేతికొచ్చింది కాగితపు పత్రాలు. వాటి విలువ చూస్తుండగానే పడిపోయింది. ఇల్లు గడవక అయినకాడికి వ్యాపారులకు అమ్ముకున్నారు.

ఊరికి తిరిగొచ్చేసరికి అప్పులు గుమ్మంలో కూచున్నాయి. లండను వ్యాపారి బోస్టను వ్యాపారిని నగదు కట్టమన్నాడు. బోస్టను వ్యాపారి పల్లె దుకాణదారుని నిలదీశాడు. దుకాణదారు రైతు మెడ మీద కూచున్నాడు. అదే సమయంలో మసాచుసెట్స్ ప్రభుత్వం యుద్ధపు అప్పులు తీర్చడానికి పన్నులు పెంచి, వెండి బంగారు నాణేలు తెమ్మంది. పల్లెలో నాణేలెక్కడివి? ధాన్యం ఇస్తాం, పశువుల్నిస్తాం అంటే వినేవాడు లేడు. కోర్టు డిక్రీ ఇచ్చేది. మన అమీనా లాంటివాడు వచ్చి గొడ్డూ గోదా, పొలమూ జప్తు చేసేవాడు. అప్పటికీ తీరకపోతే జైలు!

ఓటుతో మార్చుకుందామా అంటే, 1780 నాటి ఆ రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం 60 పౌన్ల ఆస్తి గాని, ఏటా 3 పౌన్ల రాబడినిచ్చే భూమి గాని వున్న మగవాడికే ఓటు.

రైతులు ముందు అర్జీలు పెట్టుకున్నారు. సభలు జరిపి తీర్మానాలు పంపారు. పన్ను తగ్గించండి, కాగితపు డబ్బు చెల్లనివ్వండి, కోర్టు ఖర్చులు తగ్గించండి అని అడిగారు. బోస్టను చెవికెక్కలేదు.

అప్పుడు వాళ్లకొక సంగతి తట్టింది. కోర్టు కూచోకపోతే డిక్రీ లేదు. డిక్రీ లేకపోతే జప్తు లేదు. 1786 ఆగస్టు 29న సుమారు 1500 మంది నార్తాంప్టనులో కోర్టును అడ్డగించి జడ్జీల్ని వెనక్కి పంపారు. తర్వాత వర్సెస్టరు, కాంకర్డు, స్ప్రింగ్‌ఫీల్డు. వర్సెస్టరులో రైతుల్ని చెదరగొట్టమని స్థానిక దళాన్ని పిలిస్తే వాళ్లు కదల్లేదు. కదిలేదెట్లా? వాళ్లూ ఆ వూళ్ల రైతులే గదా!

నాయకులు అనేకమంది వున్నా, తిరుగుబాటుకు డేనియల్ షేస్ పేరే నిలిచింది. పెల్‌హామ్ గ్రామ రైతు. బంకర్ హిల్, సరటోగా పోరాటాల్లో పాల్గొని కెప్టెన్ అయినవాడు. ఫ్రెంచి సేనాని లఫాయెట్ బహూకరించిన కత్తిని కూడా డబ్బుకు కటకటపడి అమ్ముకున్నాడు.

ప్రభుత్వం అల్లర్ల చట్టం తెచ్చింది. విచారణ లేకుండా నిర్బంధించకూడదన్న హక్కును తాత్కాలికంగా ఎత్తేసింది. ఆ చట్టాన్ని తయారుచేసిన శామ్యూల్ ఆడమ్స్ నిన్నటిదాకా రాజుపై తిరుగుబాటును రగిలించినవాడే! ఖజానాలో డబ్బు లేకపోతే బోస్టను వర్తకులే చందాలు వేసుకుని సైన్యాన్ని కూర్చారు.

1787 జనవరి 25న స్ప్రింగ్‌ఫీల్డు ఆయుధాగారం మీదికి వెళ్లిన రైతులపై ఫిరంగులు పేలాయి. నలుగురు చనిపోయారు. ఫిబ్రవరి మొదట్లో మంచులో రాత్రంతా నడిచివచ్చిన సైన్యం పీటర్‌షామ్‌లో మిగిలినవాళ్లను చెల్లాచెదురు చేసింది. పాల్గొన్నవారికి మూడేళ్లు ఓటు లేదన్నారు. పలువురికి మరణశిక్ష పడింది. చాలామందిని క్షమించినా ఇద్దర్ని ఉరితీశారు.

అయితే రైతు ఓడిపోయాడని అనుకోవద్దు. ఆ ఏడాది ఎన్నికల్లో గవర్నరు బౌడొయిన్‌ను జనం దించేశారు. కొత్త శాసనసభ పన్నుల భారం తగ్గించింది. షేస్‌కు 1788లో క్షమాభిక్ష దొరికింది. 1825లో న్యూయార్కు రాష్ట్రంలో పేదవాడిగానే కన్నుమూశాడు.

ఇక 1787 మే నుండి సెప్టెంబరు దాకా ఫిలడెల్ఫియాలో కూచున్న 55 మందిలో అధికులు లాయర్లు, వర్తకులు, బానిసల యజమానులు. వాళ్లు రాసిందేమిటో చూడండి. ఏ రాష్ట్రమూ కాగితపు డబ్బు అచ్చువేయరాదు. వెండి బంగారాలు తప్ప మరొకదానితో అప్పు తీర్చవచ్చని చట్టం చేయరాదు. ఒప్పందాల్ని సడలించరాదు. తిరుగుబాట్లను అణచడానికి కేంద్రం దళాల్ని పిలవవచ్చు. షేస్ రైతులు అడిగిన ఒక్కొక్క దానికి ఒక్కొక్క తాళం! 1790లో కొత్త ప్రభుత్వం పాత పత్రాలకు పూర్తి విలువ కట్టినప్పుడు లాభం ఎవరికి? తుపాకి మోసినవాడికి కాదు, అయినకాడికి కొన్నవాడికి.

మసాచుసెట్స్‌లో ఆ రాజ్యాంగం 187 - 168 ఓట్లతో బొటాబొటిగా నెగ్గింది. హక్కుల మాట రాయందే ఒప్పుకోమని అనేక చోట్ల జనం పట్టుబట్టబట్టే, సభ జరుపుకునే హక్కు, అర్జీ పెట్టే హక్కు 1791లో అందులో చేరాయి.

ఈ పోరాటానికి హద్దులూ వున్నాయి. ఆ పొలాలు ఆదివాసుల నుండి లాక్కున్న నేలే. దక్షిణాది బానిస విముక్తి కోసం ఇంకో యుద్ధం కావలసివచ్చింది.

కాని పాఠం స్పష్టమే. చట్టం ఆకాశం నుండి ఊడిపడదు. రాసేచోట పేదవాడు లేకపోతే, అది పేదవాడి మీదే రాయబడుతుంది. కదిలి అడిగినచోట మాత్రం పేదవాడికీ నాలుగు అక్షరాలు దక్కుతాయి.